మాటకు మాట: పసిపిల్లల పెంపకంపై మీ ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

పల్నాడు పల్లెల్లో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఊళ్ళలో అందరూ టీచరమ్మ అనే పిలిచేవారు, ఇక్కడా అదే పేరు ఉండనివ్వండి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘మా వాడికి ఇంకా మాటలు రాలేదు’ అన్నవే కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం.

ప్రశ్న: మా బాబుకు ఇరవై రెండు నెలలు. ‘అమ్మ’, ‘తాత’ తప్ప మాటలు లేవు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కెళ్తాడు. నేనూ మావారూ ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాం. ఫోన్లో పాటలు పెడితేనే అన్నం తింటాడు. పిలిస్తే ఒక్కోసారి తిరిగి చూడడు. ‘వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకే మాటలొచ్చాయి, కంగారు పడకు’ అంటారు మా అత్తగారు. నాకేమో రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.
– ఒక అమ్మ, మియాపూర్

జవాబు: మీ అత్తగారి మాట కొట్టిపారేయలేం. కొందరు పిల్లలు నిజంగానే ఆలస్యంగా మొదలుపెడతారు, ఆ తర్వాత వాళ్ళ నోరు మూయించడం మన తరం కాదు. కానీ మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న వాక్యం వేరే ఉంది. ‘పిలిస్తే ఒక్కోసారి తిరిగి చూడడు.’ ఈ వారంలోనే చెవి పరీక్ష చేయించండి. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడు కదా, వినిపిస్తూనే ఉంటుందిలే అనుకోవద్దు. కొన్ని శబ్దాలు వినిపించి కొన్ని వినిపించని పిల్లలు ఉంటారు. మాటిమాటికీ జలుబు చేసే పిల్లలకు చెవి లోపల నీరు చేరినా మాట స్పష్టంగా అందదు. పసిపిల్లలు నిద్రలో ఉండగా చేసే బెరా అనే పరీక్ష ఒకటుంది, నొప్పేమీ ఉండదు.

ఇక మాటల సంగతి. ఏడాది నిండేసరికి పిల్లలు టాటా చెప్పడం, వేలు పెట్టి చూపించడం, ‘బబబ, దదద’ అని ఊసులాడటం చేస్తారు. పదహారు నెలలకు ఒక్క మాటైనా రావాలి. రెండేళ్ళు నిండేసరికి ‘పాలు కావాలి’, ‘నాన్న వచ్చాడు’ లాంటి రెండేసి మాటలు కలవాలి. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసైనా సరే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మీ వాడికి ఇంకా రెండు నెలల గడువుంది. అయితే నాకు ఇంకో విషయం తెలియాలి. పైన విమానం పోతుంటే వేలితో చూపించి, మీరూ చూశారా లేదా అని మీ మొహం వంక చూస్తాడా? చూస్తే నా టెన్షన్ సగం తగ్గుతుంది. చెయ్యి పట్టుకుని లాగడం తప్ప వేలు పెట్టి చూపించడమే లేకపోతే, రెండేళ్ళు నిండేదాకా కూడా ఆగొద్దు.

ఎక్కడికి వెళ్ళాలి అంటారా? పిల్లల ఎదుగుదల చూసే స్పెషలిస్టులు ప్రైవేటులో ఉన్నారు. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చాలా జిల్లాల్లో పెద్దాసుపత్రికి అనుబంధంగా సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. మీ ఊళ్ళోనే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. బోర్డు మీద పేరు చదివి గేటు దగ్గరే వెనక్కి తిరిగే తల్లిదండ్రులు చాలామంది. పరీక్ష చేయించినంత మాత్రాన పిల్లవాడి మీద ముద్రేమీ పడిపోదమ్మా. ఏమీ లేదంటే హాయిగా ఇంటికొస్తారు, ఏదైనా ఉందంటే మూడేళ్ళకు తెలిసే దానికన్నా ఇప్పుడు తెలియడమే వాడికి లాభం.

ఇక ఫోను. రెండేళ్ళ లోపు స్క్రీన్ వద్దే వద్దు, రెండు నుంచి అయిదేళ్ళ వరకు రోజుకు గంట దాటొద్దు, అదీ పెద్దవాళ్ళు పక్కన ఉండగానే అని మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ దాదాపు ఇదే. కళ్ళు పాడవుతాయనో మరొకటనో మనం భయపెడుతుంటాం గానీ, అసలు నష్టం నాకు వేరేచోట కనిపిస్తుంది. వాడు ‘బా’ అంటే ఫోను ఆగదు. పాట పాటలాగే సాగిపోతుంది. మనిషి అయితే ఆగుతాడు, ‘ఏంట్రా, బాతా?’ అంటాడు. తాను నోరు తెరిస్తే అవతల ఏదో జరుగుతుందని పిల్లవాడికి తెలిసేది అప్పుడే. ఫోను రోజంతా మాట్లాడినా ఆ సంగతి వాడికి తెలియజేయలేదు.

కాబట్టి రేపటి నుంచి అన్నం దగ్గర ఫోను తీసేయండి. వాడిది ఒక్కటే కాదు, మీ ఇద్దరివీ తీసేయాలి. నేల మీద పాత దుప్పటి పరిచి ముగ్గురూ కలిసి కూర్చోండి. అన్నానికి ముందు పాలసీసా ఇవ్వకండి, ఆకలి వేయనివ్వండి. మొదటి రోజులు ఏడుస్తాడు, పళ్ళెం తోసేస్తాడు, నాలుగు ముద్దలు తిని లేచిపోతాడు. లేవనివ్వండి. అత్తగారు ‘పిల్లాడు చిక్కిపోయాడు’ అంటే అంగన్‌వాడీకి తీసుకెళ్ళి బరువు చూపించండి. తూకం చూశాక ఇక వాదన ఉండదు.

మాటలు నేర్పాలని ‘ఇదేంటి? అదేంటి? చెప్పు, చెప్పు’ అని పరీక్షలు పెట్టకండి. మీరు చేస్తున్న పనే పైకి అనండి. ‘తోటకూర కడుగుతున్నా. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నువ్వు ముట్టుకుంటావా?’ అని ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టుకోండి. ఇక్కడే చదువుకున్న తల్లిదండ్రులు ఓడిపోతారు, రెండు దాకా కూడా ఆగలేరు. వాడు ‘ఊ’ అన్నా, చెయ్యి చాపినా అది జవాబే. ‘బూ’ అంటే ‘అవును, బువ్వ. వేడి బువ్వ’ అనండి. వాడు అన్నదానికి ఒక మాట కలిపి తిరిగి ఇవ్వడం, అంతే. మీటింగుకీ మీటింగుకీ మధ్య దొరికే పది నిమిషాలు ఇలా గడిపినా వాడికి ఉపయోగమే.

ప్రశ్న: మా మనవడికి పదో నెల. బాగానే కూర్చుంటాడు గానీ పాకడం లేదు, పిర్రల మీద జరుగుతున్నాడు. త్వరగా నడుస్తాడని నేను వాకర్ కొనుక్కొస్తే మా కోడలు దాన్ని అటకెక్కించింది. ‘ఇంటర్నెట్లో వద్దన్నారు’ అంటుంది. ముగ్గురు పిల్లల్ని పెంచిన నాకు తెలియదా? మీరే తీర్పు చెప్పండి.
– ఒక నాయనమ్మ, నరసరావుపేట

జవాబు: అక్కగారూ, మన వయసువాళ్ళకే ఓటు వేద్దామని ఉంది గానీ ఈసారి కోడలే గెలిచింది. వాకర్‌లో కూర్చోబెడితే పిల్లవాడి బరువు గుడ్డ సీటు మీద ఉంటుంది, కాళ్ళ మీద కాదు. మునివేళ్ళతో నేలను తన్నుకుంటూ పోతాడు, తన పాదాలు తనకే కనిపించవు. నడకకు కావాల్సిన నిలదొక్కుకోవడం అక్కడ నేర్చుకునే పనే ఉండదు. పైగా చక్రాలున్నాయి కాబట్టి మీరు ‘అయ్యో’ అనేలోపు మెట్ల దగ్గరికో, పొయ్యి దగ్గరికో, నీళ్ళ బకెట్ దగ్గరికో చేరిపోతాడు. ఈ ప్రమాదాలు చూసి చూసి కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. మన రోజుల్లో వడ్రంగి చేసిచ్చిన మూడు చక్రాల చెక్కబండి సంగతి వేరు. దాన్ని పట్టుకుని పిల్లవాడు తన కాళ్ళ మీద తాను నిలబడి తోసేవాడు. అడుగులు మొదలయ్యే వేళకు అది దొరికితే కొనండి, కోడలు కాదనదు.

పాకడం గురించి బెంగ వద్దు. ఢిల్లీ పిల్లలతో సహా అయిదు దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో లెక్కలు ప్రచురించింది. వందలో నలుగురు పిల్లలు చేతులు, మోకాళ్ళ మీద పాకకుండానే నడకలోకి వచ్చేశారట. ఏ ఆసరా లేకుండా నడవడం కొందరికి ఎనిమిది నెలలకే మొదలైతే కొందరికి పదిహేడున్నర నెలలు పట్టింది. ఎదురింటి పిల్ల తొమ్మిదో నెలలో నడిచిందని మనవాణ్ణి తొందరపెట్టకండి. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అన్నారే గానీ ఫలానా నెలలో అరిసెలు వండకపోతే కుదరదని మన పెద్దవాళ్ళు అనలేదు.

మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. రెండు చేతులూ సమానంగా వాడుతున్నాడా? ఏడాది లోపే ఒక చేత్తోనే అన్నీ అందుకుంటూ రెండోది ముడుచుకునే ఉంచుతుంటే డాక్టర్‌కు చూపించాలి. కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతున్నా, ఎత్తుకుంటే ఒళ్ళంతా జారిపోతున్నట్టున్నా చూపించాలి. పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే చూపించాలి. ఇవేవీ లేకపోతే చాప పరిచి వదిలేయండి. ఇష్టమైన గిన్నె చేతికి అందీ అందనంత దూరంలో పెట్టండి. చీమ కుడుతుందని రోజంతా చంకనెత్తుకుని తిప్పుతున్నారేమో, అది మాత్రం కాస్త తగ్గించండి.

ప్రశ్న: నేను కువైట్‌లో డ్రైవర్‌గా చేస్తున్నా. మాది రాయచోటి దగ్గర పల్లె. పాప పుట్టినప్పుడు నెల రోజులు ఉండి వచ్చేసినా. ఇప్పుడు దానికి పదిహేను నెలలు. వీడియో కాల్‌లో ఫోన్ లాక్కోవాలని చూస్తుంది గానీ నా వైపు చూడదు. సంక్రాంతికి వస్తున్నా. నన్ను చూసి ఏడుస్తుందేమోనని ఇప్పటినుంచే భయంగా ఉంది. చిన్నపిల్లలకు ఫోన్ చూపించొద్దు అంటారు కదా, మరి నేనెట్లా చేసేది?
– ఒక నాన్న, కువైట్

జవాబు: బాబూ, ముందుగా ఆ చివరి మాటకు జవాబు. పిల్లలకు ఫోను వద్దనే డాక్టర్లే ఇంట్లోవాళ్ళతో మాట్లాడే వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చారు. అక్కడ తెర వెనక ఉన్నది మనిషి కాబట్టి. పాప నవ్వితే నువ్వు నవ్వుతావు, పాట వీడియో నవ్వదు.

ఆ మనిషి పాపకు తెలిసేలా చేయాలి. ఫోను చేతికివ్వకుండా కంటికి ఎదురుగా గూట్లో, స్టీలు డబ్బాకు ఆనించి పెట్టమని మీ ఆవిడతో చెప్పు. అప్పుడు లాక్కోవడానికి ఏమీ ఉండదు, నీ మొహమే ఉంటుంది. వేళ కూడా చూసుకో. నీకు సాయంత్రం అయిదున్నర అయితే ఇక్కడ రాత్రి ఎనిమిది, నిద్రమత్తులో ఉన్న పిల్లతో ఎవరూ ఆడలేరు. శుక్రవారం సెలవైతే అక్కడి తొమ్మిదింటికి చెయ్యి. ఇక్కడ పదకొండున్నర, పాప తిని హుషారుగా ఉంటుంది.

‘నాన్న అను, నాన్న అను’ అని అడగొద్దు. తువ్వాలుతో మొహం కప్పుకుని దోబూచి ఆడు. ప్రతిసారీ ఒకే రకంగా మొదలుపెట్టు, రెండు చప్పట్లో, ఒక కూతో, నీ ఇష్టం. ముగించేటప్పుడూ అంతే. నువ్వు తువ్వాలు కప్పుకుంటే అక్కడ మీ ఆవిడ కూడా కొంగు కప్పుకోవాలి. ఈ వయసు పిల్లలకు తెర మీది మనిషి అర్థం కావాలంటే పక్కనున్న మనిషి సాయం కావాలి. పాప మొహం తిప్పుకుంటే అయిదు నిమిషాలకే ఆపెయ్యి, అలగొద్దు. నీ ఫొటో ఒకటి ప్రింటు తీయించి గోడకు పాప కళ్ళ ఎత్తులో అతికించమను. దేవుడి పటాల వరసలో పైన పెడితే దానికి కనిపించదు. పడుకునే ముందు వినిపించడానికి నీ గొంతుతో చిన్న మాట రికార్డు చేసి పంపు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఏడిస్తే ఏడవనీ. ఎనిమిది, తొమ్మిది నెలల నుంచి పిల్లలకు కొత్త ఎరుగుతుంది, రెండో ఏడు దాకా ఉంటుంది. తనవాళ్ళెవరో గట్టిగా తెలిసిన పిల్లే కొత్తవాళ్ళను చూసి ఏడుస్తుంది. ఎయిర్‌పోర్టులో దిగగానే ఎత్తుకోవద్దు. నాకు తెలుసు, చేతులు ఆగవు. అయినా ఆపుకో. చుట్టాలంతా ‘మీ నాన్నే, పో పో’ అని తోస్తారు, వాళ్ళనూ ఆపు. ఇంటికొచ్చాక నేల మీద కూర్చుని, పాప వంక సూటిగా చూడకుండా, గిన్నెలూ మూతలూ పెట్టుకుని నీ పాటికి నువ్వు ఆడుకో. ఫోన్లో కొట్టే రెండు చప్పట్లు కొట్టు. అదే జరిగి జరిగి వస్తుంది. వచ్చాక ఒక పని నీ చేతిలోకి తీసుకో. స్నానమో, పొద్దుటి బువ్వో, ఉన్నన్నాళ్ళూ అది నువ్వే చెయ్యి.

ఒకటి నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నా. ఫోను చేసినప్పుడు పాప తిన్నదా అని అడుగుతావు, పాప తల్లి తిన్నదా అని కూడా అడుగు. మొగుడు దూరాన ఉండి, పసిబిడ్డతో ఒక్కతే వేగే ఆడపిల్లలు దిగులులో కూరుకుపోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. తల్లి మనసు బాగాలేకపోతే ఆమెకు బిడ్డతో ఊసులాడే ఓపిక ఉండదు. అది ఆమె తప్పు కాదు. నిద్ర లేకపోవడం, ఊరికే ఏడవడం లాంటివి ఉంటే మనసు బాగాలేనివారి కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రశ్న: మా పాపకు మూడేళ్ళ రెండు నెలలు. వసంత పంచమికి బాసరలో అక్షరాభ్యాసం చేయించి జూన్‌లో బడిలో వేశాం. రోజూ ఏ నుంచి జెడ్ దాకా, అ నుంచి అః దాకా రాసుకు రమ్మంటున్నారు. పెన్సిల్ చూస్తేనే ఏడుస్తోంది. పక్కింటి పాప అన్నీ రాసేస్తోంది. మావారు గట్టిగా కూర్చోబెట్టి రాయించమంటున్నారు.
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: బాసరలో ఏం చేయించారో గుర్తుందా? పళ్ళెంలో బియ్యం పోసి పాప వేలు పట్టుకుని రాయించారు. ఈ వయసుకు సరిపోయే పద్ధతి అదే. వేలితో బియ్యంలో, ఇసుకలో, తడి నేల మీద రాయడం దాటి పెన్సిల్‌కు రావడానికి ఇంకా టైముంది. మామూలుగా మూడేళ్ళ పిల్లలు చూసి సున్నా గీయగలరు. కూడిక గుర్తు వచ్చేసరికి నాలుగేళ్ళు. చతురస్రం నాలుగున్నర దాటాక, త్రిభుజం అయిదుకు. సున్నా దగ్గరున్న పిల్లను ‘ఋ’ రాయమంటే ఏడవక ఏం చేస్తుంది?

మీ వారికి ఒక పని చెప్పండి. కుడిచేతి వాటమైతే ఎడమ చేత్తో అ నుంచి అః దాకా రెండు పేజీలు, గీత దాటకుండా రాయమనండి. ఆ తర్వాత పాప గురించి మాట్లాడుకోవచ్చు.

2020 జాతీయ విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే దశగా పెట్టి, ఆటపాటలతోనే నేర్పాలన్నారు. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలన్నారు. బడి డైరీలో ‘రాయడానికి పాప చెయ్యి ఇంకా సిద్ధంగా లేదు, ఇంట్లో మేము రాయించడం లేదు’ అని మీరే రాసి సంతకం పెట్టండి. గొడవపడక్కర్లేదు, రోజూ అదే రాయండి. వాళ్ళకు ఫీజు కట్టే తల్లిదండ్రులు కావాలి, పాపను పంపించెయ్యరు.

చెయ్యి సిద్ధం కావడానికి వంటింట్లో కావాల్సినంత పనుంది. బఠాణీలు ఒలిపించండి, చిక్కుడుకాయల ఈనెలు తీయించండి, చపాతీ పిండి ముద్ద చేతికివ్వండి, బట్టలకు క్లిప్పులు పెట్టించండి. సాయంత్రం వాకిట్లో ముగ్గుపిండితో గీతలు గీయనివ్వండి. చుక్క చుట్టూ మెలిక తిప్పే చెయ్యికి రేపు తెలుగు అక్షరం కష్టమనిపించదు. పక్కింటి పాప గురించి నేనేమీ మాట్లాడను.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. పాపకు రెండున్నరేళ్ళు. డేకేర్‌లో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు. ‘నాకు వాటర్ కావాలి, డాగీ వచ్చింది’ అని కలిపేస్తోంది. రెండు భాషలతో అయోమయం అవుతుంది, ఇంట్లో తెలుగు మానేయండి అన్నారు ఒక స్నేహితురాలు.
– ఒక అమ్మ, ఎడిసన్

జవాబు: మానొద్దు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టండి. కలిపి మాట్లాడటం అయోమయం కాదు, ఆ క్షణానికి ఏ మాట ముందు దొరికితే అది వాడేస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న మేమంతా ‘లైట్ ఆఫ్ చెయ్యి, డోర్ క్లోజ్ చెయ్యి’ అంటూనే ఉన్నాం కదా, మాకెవరూ డాక్టర్‌ను చూపించలేదు. ‘వాటర్ కాదు, నీళ్ళు అనాలి’ అని దిద్దకండి. ‘నీళ్ళు కావాలా? ఇదిగో, చల్లటి నీళ్ళు’ అంటే చాలు. ఇంగ్లిష్ ఎలాగూ డేకేర్‌లో వస్తుంది. మీకు కోపమొచ్చినా ముద్దొచ్చినా నోట్లోంచి వచ్చే భాష తెలుగు. దాన్ని ఆపుకుని వెతుక్కుంటూ మాట్లాడితే పాపతో మాట్లాడటమే తగ్గిపోతుంది.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఇది మా అక్క తరఫున రాస్తున్నాను. అక్కా బావా మిరపకోతలకు కూలికి వెళ్తారు. తెల్లవారుజామునే వెళ్ళి సాయంత్రం వస్తారు. వాళ్ళ బాబుకు ఏడాదిన్నర, మా అమ్మ చూసుకుంటుంది. బొమ్మలు, పుస్తకాలు కొనే స్తోమత లేదు. టౌన్ పిల్లల్లాగా వాడూ తెలివిగా ఎదగాలంటే ఏం చేయాలి?
– ఒక పిన్ని, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మాయీ, మీ అక్కకు ఈ సంగతి చదివి వినిపించు. జమైకా అని వెస్టిండీస్ దీవుల్లో ఒక దేశం ఉంది. దాని రాజధాని కింగ్‌స్టన్ పేదవాడల్లో, 1986, 87ల్లో, వయసుకు తగ్గ పొడవు ఎదగని 129 మంది పసివాళ్ళను తీసుకున్నారు. అందరూ తొమ్మిది నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య పిల్లలు. శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే డాక్టర్, ఆమెతో పనిచేసినవాళ్ళు వారిలో కొందరి ఇళ్ళకు వారానికో గంట ఆరోగ్య కార్యకర్తను పంపారు. రెండేళ్ళ పాటు అంతే. ఆ కార్యకర్త పిల్లవాడికి పాఠం చెప్పలేదు. ఖాళీ సీసాలు, అట్టముక్కలతో చేసిన బొమ్మలు తెచ్చి, వాటితో బిడ్డను ఎలా ఆడించాలో, ఆడిస్తూ ఏం మాట్లాడాలో తల్లికి చూపించింది. ఇరవై ఏళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే, అలా చేసిన ఇళ్ళ పిల్లలు, చేయని ఇళ్ళ పిల్లల కన్నా పాతిక శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. 2014లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అంగన్‌వాడీ టీచర్లకు నెలనెలా గృహ సందర్శన రాయాల్సి వచ్చినప్పుడల్లా ‘ఎందుకీ రిజిస్టరు’ అని విసుక్కునేవారు. జమైకా కథ వాళ్ళ కోసమే నాలాంటివాళ్ళు దాచుకున్నాం.

మీ ఇంట్లో ఏమున్నాయి? గిన్నెలు, మూతలు. ఏ గిన్నెకు ఏ మూతో వెతుక్కోవడం ఏడాదిన్నర పిల్లవాడికి పెద్ద పని. కొబ్బరి చిప్పలు రెండు, తాళం వేయడానికి. అట్టపెట్టె, ఎక్కి కూర్చోవడానికి. పాత చీరముక్కలు చుట్టి కట్టిన బంతి. నీళ్ళ బాటిల్లో గుప్పెడు కందులు పోసి మూత తిరగకుండా బిగించి టేపు చుడితే గిలక్కాయ. గింజ బయటికొస్తే గొంతులో అడ్డం పడుతుంది, అందుకే టేపు. పురుగుమందు సీసాలు, డబ్బాలు మాత్రం ఎంత కడిగినా సరే ముట్టనివ్వొద్దు.

అమ్మమ్మ మీ ఇంటికి పెద్ద ఆస్తి. ఆమెకు చదువు రాదని అనుకుంటుందేమో, మాట వచ్చు కదా! కోడి వచ్చింది, గేదె అరిచింది, తాత ఎండలో పోతున్నాడు అని చెబుతూ ఉండమను. బాబు ఏదైనా చూపిస్తే దాని గురించే మాట్లాడమను.

అక్క ఇంటికొచ్చేసరికి అలిసిపోయి ఉంటుంది. బాబు ఎగబడి వస్తాడు. ఎత్తుకునే ముందు ఒక్క పని. కోత బట్టలు విప్పేసి, చేతులూ మొహం సబ్బుతో కడుక్కోవాలి. మిరప ఘాటు ఒకటి, కొట్టిన మందు మరొకటి, రెండూ ఆ బట్టల మీదే ఉంటాయి. ఆ తర్వాత బాబుకు నీళ్ళు పోసేటప్పుడే ఆట. ‘చెయ్యి ఏదీ? బొజ్జ ఏదీ? ఇదిగో బొజ్జ!’ ఆ పావుగంటకు అదనంగా ఓపిక అక్కర్లేదు, ఎలాగూ చేసే పనే. అంగన్‌వాడీలో మూడేళ్ళ లోపు పిల్లలకిచ్చే బాలామృతం తెచ్చుకుంటున్నారా? ఆ ప్యాకెట్ ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకుని తినకుండా బాబుకే పెట్టండి. ప్రతి నెలా బరువు తూచి కార్డులో రాయించుకోండి.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్ళు. పలకతో పాటు బలపాలు కొనిస్తే రాయడం మానేసి తినేస్తోంది. గోడ సున్నం కూడా గీకి తింటోంది. కొట్టినా మానడం లేదు. అన్నం తినదు, పాలు మాత్రం రోజుకు నాలుగు గ్లాసులు తాగుతుంది. దేని మీదా ధ్యాస ఉండదు, ఊరికే చిరాకు.
– ఒక అమ్మ, అనంతపురం

జవాబు: ఇది అల్లరి కాదు, చాలాసార్లు రక్తం తక్కువైతే పిల్లలు ఇలాగే చేస్తారు. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో 11 కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. మీ ఇంట్లోనే అనుకోకండి, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 67 మందికి ఉంది. ఐరన్ ఒంటికే కాదు, మెదడు ఎదగడానికీ కావాలి. ధ్యాస లేకపోవడం, చిరాకు కూడా దానివల్లే కావచ్చు.

నాలుగు గ్లాసుల పాలు ఎక్కువ. పాలలో ఐరన్ చాలా తక్కువ, పైగా కడుపు నింపేసి అన్నం తిననివ్వవు. రెండు గ్లాసులకు దించండి. టీ అలవాటు ఉంటే పూర్తిగా ఆపండి. గుడ్డు, మాంసం తినే ఇల్లయితే వారానికోసారి కార్జం కొద్దిగా పెట్టండి. శాకాహారులైతే రాగిసంకటి, తోటకూర, మునగాకు పప్పు పెట్టి పైన నిమ్మకాయ పిండండి. పులుపుతో తింటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. అయిదేళ్ళ లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున వేసే ఐరన్ సిరప్ ఏఎన్ఎం దగ్గర, ఆశా దగ్గర ఉచితంగా దొరుకుతుంది. అది రక్తం తగ్గకుండా చూసే మోతాదు. పరీక్షలో తక్కువని తేలితే వైద్యానికి వేసే మోతాదు వేరు, అది డాక్టరే చెప్పాలి. నులిపురుగుల మాత్ర కూడా వేయించండి, ఫిబ్రవరి 10న అంగన్‌వాడీల్లో, బళ్ళలో వేస్తారు.

సిరప్ మొదలుపెట్టాక విరేచనం నల్లగా అవుతుంది, భయపడి మానేయకండి. పళ్ళకు మరక పడకుండా వెంటనే నీళ్ళు తాగించండి. రక్తం పెరిగాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్ళు వేయాలి. గోడ రంగు పాతదైతే అందులో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి. బలపాల డబ్బా అటక మీద పెట్టేసి పాపకు బియ్యం పళ్ళెం ఇవ్వండి, పైన హన్మకొండ వారికి చెప్పినట్టు. కొట్టడం ఈ రోజే ఆపండి. పరీక్ష చీటీ వచ్చాక హిమోగ్లోబిన్ ఎంతుందో రాయండి. మందు సంగతి డాక్టర్ చూసుకుంటారు, పాపకు ఏం తినిపించాలో, ఎలా తినిపించాలో వచ్చే నెల మనం మాట్లాడుకుందాం.